సూరిబాబు ముందు ఆన్ కాని కంప్యూటర్

ముందే చెప్పేస్తున్నాను, నేను దెయ్యాల్నీ దిష్టినీ నమ్మే మనిషిని కాను. నరసాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా వీధిలో ఎవరి సిస్టం మొరాయించినా నన్నే పిలుస్తారు. మిషన్ ఆగిందంటే దానికో కారణం ఉండి తీరుతుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్ళలో ఈ ఒక్కదానికే నాకు దొరకలేదు.

మా అక్క సత్యవతి లేసు డిజైన్లు గీసేది. మొదట్లో గళ్ళ కాగితం మీద గీసేది, తర్వాత నా దగ్గర కంప్యూటర్ నేర్చుకుని అందులో గీయడం మొదలుపెట్టింది. ఆ డిజైన్లు చూసే అక్క కూతురు లావణ్య, ఇంకొందరు ఆడవాళ్ళు అల్లిక పని చేసుకుని బతికేవారు. ఎక్కడైనా ఒక కాపీ పెట్టుకోవే అంటే, "నా ఇంట్లోంచి ఎవడు ఎత్తుకుపోతాడే?" అని నవ్వేది.

అక్క మంచిదే గానీ ఒట్టి పంతం మనిషి. తన డిజైన్ ఒకావిడ చెప్పకుండా అల్లి అమ్ముకుందని, ఆవిడ ఇంటి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. తను చచ్చేదాకా ఆవిడతో మాట్లాడలేదు.

కిందటేడు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయింది. బావ అంతకు ముందే పోయారు, మగపిల్లలు లేరు. అందుకని బావ తమ్ముడు సూరిబాబు కర్మ చేశాడు. పెద్దకార్యం నాడు గోదావరి గట్టు మీద పిండం పెడితే కాకి ముట్టలేదు. కొబ్బరిచెట్ల మీద బోలెడు కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్ళ కోరిక ఏదో మిగిలిపోతే ఇలా అవుతుందంటారు. అది తీరుస్తామని ఎవరో ఒకరు పైకి చెప్పాలి.

లావణ్యని నేను చూసుకుంటానన్నాను. ఊహూ, కదల్లేదు. ఎండ మండిపోతోంది, పంతులుగారు విసుక్కుంటున్నారు. చివరికి సూరిబాబు దణ్ణం పెట్టి, "వదినా, నీ కంప్యూటరూ నీ డిజైన్లూ నీ కూతురివే. నేను ముట్టుకోను. ఇంక తినెయ్యి వదినా" అన్నాడు.

కాకి దిగింది. దానికి ఆకలేసిందనుకున్నాను నేను. కంప్యూటర్ సంగతి అతని నోట ఎందుకొచ్చిందో కూడా అప్పుడు ఆలోచించలేదు.

మైల తీరాక కొద్ది రోజులకే, లావణ్య నూలు తేవడానికి బజారుకెళ్ళిన సమయం చూసి అతనొచ్చి కంప్యూటర్ ఎత్తుకుపోయాడు. అడిగితే, "మా అన్న కొన్నది, మా ఇంటి సొత్తు" అన్నాడు. ఆ డిజైన్లన్నీ తనే గీశానని, లేసు ఎగుమతి చేసే ఒకాయనకి చెప్పుకున్నాడు కూడా. ఖాళీ టేబుల్ చూపించి లావణ్య, "పిన్నీ, అమ్మని రెండోసారి తీసుకుపోయారు" అని ఏడ్చింది. 

అలాంటివాడు సిగ్గులేకుండా నాకే ఫోన్ చేశాడు.

"పద్మా, సిస్టం ఆన్ అవుతోందమ్మా. తెర మీద గుండ్రంగా చుక్కలు తిరుగుతాయి చూడు, అక్కడే ఆగిపోతోంది. బయటివాళ్ళని పిలిస్తే నలుగురికీ తెలుస్తుంది. నువ్వొకసారి రా అమ్మా."

వెళ్ళాను. బాగుచేసి పెట్టడానికి కాదు. హ్యాండ్‌బ్యాగులో పెన్‌డ్రైవ్ వేసుకుని మరీ వెళ్ళాను.

పట్టపగలు. అతను నా వెనకాలే నిలబడ్డాడు. చుక్కలు కాసేపు తిరిగి ఆగిపోయాయి. తెరా, కీబోర్డూ, మౌసూ తప్ప తగిలించినవన్నీ పీకేశాను. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఫ్యాన్ దుమ్ము దులిపాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్దామంటే అక్కడిదాకా రాదు. పక్కగది ప్లగ్గులో పెట్టినా అదే వరస. ఇంక హార్డ్ డిస్కే పోయిందనుకున్నాను. మరి లావణ్య గతేంటి?

అంతలో అతనికి ఫోనొచ్చి పెరట్లోకి వెళ్ళాడు. ఊరికే, ఇంకోసారి బటన్ నొక్కాను. చుక్కలు తిరిగి తిరిగి, తెర తెరుచుకుంది. అక్క పెట్టుకున్న లేసు గులాబీ బొమ్మ ఎదురుగా ఉంది. ఆలోచించే టైం ఎక్కడిది, డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి బ్యాగులో పడేశాను. అతను గుమ్మంలో కాలు పెట్టాడు. మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోయింది.

అతని జేబులో ఫోన్ వల్లేమోనని దాన్ని అరుగు మీద పెట్టి రమ్మన్నాను. గుమ్మం కింద వైరేదైనా ఉందేమోనని నేను తొక్కి చూశాను, వాళ్ళావిడని కూడా తొక్కమన్నాను. ఏమీ కాలేదు. అతనొస్తే ఆగింది, వెళితే నడిచింది. మళ్ళీ మళ్ళీ చూశాం, ప్రతిసారీ అంతే. వాళ్ళావిడ మొహం పాలిపోయింది.

"దీన్లో ఏం పెట్టావే నువ్వు?" అని అరిచాడు.

"నేనేం పెట్టలేదు బావగారూ. గట్టు మీద కాకికి మీరేం మాటిచ్చారో గుర్తు తెచ్చుకోండి" అన్నాను. నమ్మి అనలేదు, ఒళ్ళు మండి అన్నాను.

ఎగుమతి చేసే ఆయన చూడడానికొచ్చిన రోజున కూడా ఆ చుక్కలు అలాగే ఆగిపోయాయట. పోనీ ఒక డిజైన్ కాగితం మీద గీసి చూపించండి అని ఆయన అడిగితే సూరిబాబు నీళ్ళు నమిలాడట. ఇవి అల్లేది ఎవరని వాకబు చేసి, ఆయన అటునుంచి అటే లావణ్య దగ్గరికొచ్చాడు. అది నా ల్యాప్‌టాప్‌లో డిజైన్లు తెరిచి, సూది పట్టుకుని ఆయన ముందే అల్లి చూపించింది. పని దానికే ఇచ్చాడు. సూరిబాబు కంప్యూటర్ తెచ్చి లావణ్య గుమ్మంలో పెట్టి పోయాడు. అది ఇవాళ్టికీ నిక్షేపంగా నడుస్తోంది.

అక్కడితో అయిపోతే లూజ్ కనెక్షన్ అని సరిపెట్టుకునేదాన్ని. అతను కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. అదీ ఆ చుక్కల దగ్గరే ఆగుతోంది. అతనికి రొయ్యల మేత కొట్టుంది. కొట్లో బిల్లులు కొట్టే సిస్టం కూడా అంతే. ఇప్పుడు లోపల వాళ్ళావిడ బిల్లులు కొడుతుంటే అతను బయట మెట్ల మీద కూర్చుంటాడు. వెళ్ళి నేనే స్వయంగా చూశాను. కరెంటు, వైరింగ్, వైరస్, నాకు తెలిసినవన్నీ చూశాను. కారణం నాకు తెలీదు, ఈరోజుకీ తెలీదు.

ఈమధ్య ఇద్దరూ మా ఇంటికొచ్చారు. మనిషి చిక్కిపోయాడు. "పద్మా, మీ అక్కకి నువ్వంటే ప్రాణం. ఫొటో ముందు నిలబడి ఒక్క మాట చెప్పమ్మా, ఇంక వదిలెయ్యమని" అన్నాడు. వాళ్ళావిడ నా చేతులు పట్టుకుంది. సరే చెబుతానన్నాను.

వాళ్ళు వెళ్ళాక దీపం పెట్టి అక్క ఫొటో ముందు నిలబడ్డాను. నమ్మనిదాన్ని, ఫొటోకి చెప్పడమేంటని నవ్వొచ్చింది. ఏం, ఒక్క మాటేగా, చెప్పేస్తే పోయేదేముంది అనుకున్నాను. అప్పుడు లావణ్య చూపించిన ఆ ఖాళీ టేబుల్ గుర్తొచ్చింది.

"అక్కా, అప్పుడే వదలకు" అన్నాను.