డ్రోన్‌కి దిష్టి నిమ్మకాయ

అమెరికాలో ఈ షాంటిలీలో ఏ తెలుగువాళ్లనడిగినా చెప్తారు, కళ్లారా చూసినోళ్లు మాత్రం ఒక్కరూ లేరు. కంపెనీ డ్రోన్‌కి విశ్వనాథం గారు దిష్టి నిమ్మకాయ కట్టారంట, అదీ కుళ్లుతో.

ఆయన బిల్డింగ్ సైట్‌లో సేఫ్టీ మనిషి. పొద్దున్నే రూఫంతా తిరిగి, అందరూ బెల్టు కట్టారా, తాడు కొక్కేనికి తగిలించారా చూసి "ఊఁ" అంటేనే పని మొదలు. పద్దెనిమిదేళ్లుగా అంతే. ఆయన ఊఁ అనకపోతే వర్జీనియాలో మేకు కూడా దిగదన్నట్టు నడిచేవారు.

అలాంటి చోటికి నీహారిక దిగింది. ఇక్కడే పుట్టిన పిల్ల, చేతిలో డ్రోన్.

"అంకుల్, మీకు మోకాలు పెయిన్ కదా, ఎక్కొద్దు. నేను ఫ్లై చేసి చూస్తాను."

ఆయన గంటసేపు తిరిగే రౌండు ఆరు నిమిషాల్లో అయిపోయింది. సూపర్‌వైజర్ ఈయన్ని దాటుకుపోయి ఆ పిల్లని అడగడం మొదలెట్టాడు, "ఆల్ క్లియర్?" అని.

ఇంట్లో భార్య రత్నం ఇంకో పుల్ల వేసింది. "ఆ పిల్ల బంగారమండీ. మీ మోకాలు మిగిల్చింది."

"మిగిలిన మోకాలితో ఏం చేసుకోను, ఊరేగింపుకెళ్లనా?" అని ఆయన ఆ రోజు అన్నంలో కడుపుమంటే కలుపుకు తిన్నారు.

మర్నాడు, "కొత్త మెషీన్ కదమ్మా, దిష్టి తగులుద్ది" అంటూ నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి, సరిగ్గా కెమెరా ముందు వేలాడేలా కట్టారు. పెద్దాయన కట్టింది విప్పితే బాధపడతారని నీహారిక అలాగే ఎగరేసింది. స్క్రీన్ మీద గుమ్మడికాయంత నిమ్మకాయ. తూర్పు అంచు కనపడితే ఒట్టు.

"అటు ఎవరూ ఉండరులే అంకుల్. క్లియర్ చెప్పేయనా?"

అటు పైకప్పు వేసే రూఫర్ కొక్కెం మర్చిపోయే రకమని ఆయనొక్కడికే తెలుసు. "ఆగమ్మా" అని నాలుగంతస్తులూ ఎక్కారు, మోకాళ్లు టపాకాయల్లా పేలుతుంటే. అనుకున్నంతా అయింది. తాడు కొక్కేనికి తగిలించకుండా రూఫ్ మీదే పడుంది, మనిషి అంచు మీద. చప్పుడు చెయ్యకుండా వెళ్లి తగిలించారు. రెండు నిమిషాలకే ఆ రూఫర్ కాలు జారింది. తాడు ఆపింది.

కిందకొచ్చి దండ తనే విప్పి జేబులో కుక్కుకున్నారు. "రేపట్నుంచి నువ్వు ఎగరెయ్యి, స్క్రీన్ నేను చూస్తా. ఎవడేం మర్చిపోతాడో నీ మెషీన్‌కి తెలీదు."

అయినా డ్రోన్ వల్లే మనిషి బతికాడని సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టింది ఆ పిల్లకే. ఈయన కడుపు మళ్లీ భగ్గుమంది.

మొన్న ఒకరింట్లో వ్రతానికొచ్చిన శశికళ ఆంటీ ఆయన్నే అడిగేసింది, ఈ నిమ్మకాయ కథ నిజమేనా అని.

"నాకు కుళ్లా? ఆ చిన్నపిల్ల మీదా?" అన్నారాయన ప్రసాదం నములుతూ. "నేనేం కట్టలేదు, పైకెక్కలేదు, ఎవడూ జారలేదు. ఇంకా నయం, డ్రోన్‌కి బారసాల చేశానన్లేదు."