మామయ్య కాళ్లకు బ్రేకులు

మా మేనమామకు ఒకటే జబ్బు. రోడ్డు మీద ఖరీదైన కారు కనబడిందంటే ఆయన కాళ్లకు వాటంతటవే బ్రేకులు పడతాయి. రైలు తప్పిపోతున్నా, నెత్తిన వాన కురుస్తున్నా, పక్కన అత్తయ్య కూరల సంచీతో నిలబడి పళ్లు నూరుతున్నా, ఆ కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన అడుగు తీసి అడుగు వెయ్యడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి, కచేరీ వింటున్నవాడిలా నిలబడతాడు. కారు వెళ్లిపోయాక ఒక నిట్టూర్పు విడిచి, "అదీ సంగతి" అంటాడు. ఏ సంగతో ఇంతవరకు మా వంశంలో ఎవరికీ తెలియదు.

అత్తయ్య ఆయనతో బజారుకు వెళ్లడం ఎప్పుడో మానేసింది. "ఆయనతో వెళ్తే ఆకుకూర దారిలోనే వాడిపోతుంది" అంటుంది.

ఇలాంటి మనిషికి రిటైరయ్యేదాకా దేవుడిచ్చిన ఉద్యోగం సిటీ బస్సు డ్రైవరు. పిల్లిని పాలకు కాపలా పెట్టినట్టే. ఒకసారి బస్సు నిండా జనం ఉండగా కుడివైపు నుంచి ఒక స్పోర్ట్స్ కారు దూసుకుపోయిందట. మామయ్య బస్సు నిదానం చేసి, "కుడివైపు చూడండి, మళ్లీ దొరకదు" అని కేకేశాడు. ఎడమవైపు కూర్చున్నవాళ్లంతా లేచి కుడివైపు కిటికీల మీద పడ్డారు. ఎవరి కాలో ఎవరో తొక్కారు. ఫిర్యాదు వెళ్లింది. డిపో మేనేజరు పిలిచి నిలదీశాడు.

"నడిరోడ్డు మీద బస్సెందుకు ఆపావయ్యా?"

"ఆపలేదు సార్. గౌరవంగా నిదానించాను."

"ఎవరికి గౌరవం?"

"ఫెరారీకి సార్."

మేనేజరు గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఏ రంగు?" అన్నాడట. విచారణ అక్కడితో ముగిసింది.

ఇంత పిచ్చి ఉన్నవాడికి ఆ కార్ల గురించి బోలెడు తెలిసి ఉండాలని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. చప్పుడు వినగానే చెప్పేస్తాననేది ఆయన ధీమా. ఒకసారి గోడ అవతల నుంచి గుర్రుమని వినబడితే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "కదలకు. పన్నెండు సిలిండర్లు. ఇటలీ సరుకు" అన్నాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. గోడ మలుపులోంచి సిమెంటు కలిపే లారీ వచ్చింది. మామయ్య రవ్వంత కూడా తొణకలేదు. "దానికీ ఓ మనసుంటుంది" అన్నాడు.

ఈ జబ్బు వల్ల ఆయనకెప్పుడూ ఏ నష్టమూ జరగలేదు. జరిగేదంతా పక్కనున్నవాడికే. ఒకసారి బంధువు ఒకాయన పోతే పలకరించడానికి ఇద్దరం వెళ్లాం. గదిలో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఏదో పెద్ద కారు మెత్తగా గుర్రుమంటూ వచ్చి ఆగింది. మామయ్య కళ్లు మూసుకుని, "ఆహా, ఎంత హాయిగా ఉందో" అన్నాడు. తలలన్నీ ఒక్కసారి లేచాయి. నేను కంగారుపడి, "పోయినాయన ఇప్పుడెంత హాయిగా ఉన్నారో అని మామయ్య ఉద్దేశం" అని సర్దబోయాను. మామయ్య కళ్లు తెరిచి, "సైలెన్సరు మార్పించినట్టున్నారు" అన్నాడు. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ మామయ్యను పిలుస్తారు. నన్ను మాత్రం పిలవరు. అబద్ధాలాడతానట.

"అంత ఇష్టమున్నవాడివి, చిన్నదో చితకదో ఒక కారు కొనుక్కోవాలని ఎప్పుడూ అనిపించలేదా మామయ్యా?" అని ఒకసారి అడిగాను.

"కొంటే లోపల కూర్చోవాలి. లోపల కూర్చుంటే కారెక్కడ కనబడుతుందిరా?" అన్నాడు.

నాకో కారుంది. దాన్ని చూసి మామయ్య ఏమీ అనడు. ఆసుపత్రిలో పక్క మంచం మీది రోగిని చూసినట్టు చూసి, తల తిప్పుకుంటాడు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. నేను పరుపుల దుకాణంలో మేనేజర్ని. ఊరందరికీ విశ్రాంతి అమ్ముతాను, నేను మాత్రం తీసుకోను. ఈ మాట నేనే కనిపెట్టి, వచ్చిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం ఒక జంటకు కొత్త రకం పరుపు మీద పడుకుని చూపిస్తున్నాను. "ఒళ్లు ఇలా వాల్చగానే..." అన్నంతవరకే నాకు గుర్తు. ఛాతీ మీద ఎవరో ఇనప్పెట్టె దించినట్టయింది. ముచ్చెమటలు పోశాయి, నోరు పెగల్లేదు. ఆ భార్య భర్తతో, "చూశారా, పడుకున్నాడో లేదో ఎలా నిద్రపట్టేసిందో. ఇదే తీసుకుందాం" అందట. బిల్లు కోసం నన్ను లేపబోయాక గానీ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. నన్ను ఆసుపత్రికీ, పరుపును వాళ్లింటికీ చేర్చారు.

గుండెకు వెళ్లే నాళాల్లో పూడిక తీసి, ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ చెప్పింది. "రోజూ నడవండి. ఆయాసం వస్తే వెంటనే ఆగండి. మొండికెయ్యకండి." అందులో మొదటి మాట మాత్రమే నా చెవికెక్కింది.

మా ఇల్లు ఒక ఎత్తువీధికి కింది కొసన ఉంటుంది. పై కొసన పార్కు. ఇంటికొచ్చిన వారానికే, బూట్లు తొడుక్కుని బయల్దేరాను. మా ఆవిడ చెప్పులేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"మీతోనే."

"నేనేం పసిపిల్లాణ్ణా చెయ్యి పట్టుకుని నడిపించడానికి?" అని ఆవిణ్ణి గుమ్మంలోనే ఆపేసి, ఎవరో తరుముతున్నట్టు వీధెక్కాను. తిరిగొచ్చేసరికి నా పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టున్నాయని మా ఆవిడ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం లోపలికెళ్లి ఎవరికో ఫోను చేసింది.

మర్నాడు సాయంత్రం మామయ్య దిగాడు. చేతిలో కొత్త కర్ర.

"అల్లుడూ, నువ్వే నన్ను ఆదుకోవాలి" అన్నాడు కూలబడుతూ. "మోకాలు మాట వినడం లేదు. రోజూ నడవకపోతే బిగుసుకుపోతుందట. ఒంటరిగా వెళ్తే ఎక్కడ పడతానోనని భయం. మీ అత్తయ్య చూస్తే నాతో రానంటుంది."

నా ఛాతీ పొంగింది, ఈసారి ఆరోగ్యకరంగానే. "నేనుండగా నీకు భయమెందుకు మామయ్యా" అన్నాను. మర్నాడు దుకాణానికి ఫోను చేసి మరీ చెప్పాను, సాయంత్రాలు నన్నెవరూ కదిలించొద్దని, ముసలాయన్ని నడిపించే బాధ్యత నా మీద పడిందని.

ఆ బాధ్యత ఎంత బరువో మొదటిరోజే తెలిసింది. వీధి ఎక్కడం మొదలుపెట్టి గట్టిగా నాలుగిళ్లు దాటామో లేదో, మామయ్య ఆగిపోయాడు.

"ఏమైంది?"

"బెంట్లీ."

"ఎక్కడ?"

"వెళ్లిపోయింది. నువ్వు కింద చూస్తూ నడుస్తుంటే ఎలా కనబడుతుంది? ఉండు, వెనకాల ఇంకోటి వస్తుందేమో."

ఇంకోటి రాలేదు. కాసేపు నిలబడి కదిలాం. మందుల దుకాణం దగ్గర మళ్లీ ఆగాడు. ఈసారి పోర్షేనట. నేను తలెత్తేసరికి అదీ లేదు. చాకలి దుకాణం అరుగు దగ్గర ఆగి, "కూర్చో అల్లుడూ, ఇక్కణ్ణుంచి రెండు వైపులా కనబడుతుంది" అన్నాడు. కూర్చుని రొప్పుతూ అనుకున్నాను, ఈ మనిషి నా ప్రాణం తీస్తాడని. నాకొచ్చే ఆయాసమంతా ఆయన మీది విసుగు వల్లేనని అప్పట్లో నా గట్టి నమ్మకం.

రోజులు గడిచేకొద్దీ ఆయన స్థాయి కూడా దిగజారింది. పాల వ్యాను దగ్గర ఆగాడు. నీళ్ల ట్యాంకరు దగ్గర ఆగి, "దాని వెనక భాగం చూడు, ఎంత నిండుగా ఉందో" అన్నాడు. సిమెంటు లారీలో మనసు చూసినవాడు ట్యాంకరులో అందం చూడడా అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు మాత్రం ఖాళీ రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడేముంది మామయ్యా?"

"రాబోతోంది."

ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర మొత్తుకున్నాను. "ఆయన వల్ల నా నడక మొత్తం చెడిపోతోంది. నేనొక్కణ్ణే అయితే ఈపాటికి కొండలెక్కేవాణ్ణి."

"పెద్దాయన కదండీ, కాస్త ఓపిక పట్టండి" అంది మా ఆవిడ, వంకాయలు తరుగుతూ. వంకాయల్లో నవ్వొచ్చేదేముందో నాకర్థం కాలేదు.

చివరికి ఒకరోజు నా ఓపిక తెగింది. మందుల దుకాణం దగ్గర మామయ్య ఆగగానే, "నువ్వు చూసుకుంటూ తీరిగ్గా రా, నేను పైన కూర్చుంటా" అని విసవిసా ముందుకు నడిచాను. వెనక నుంచి ఏదో పిలుపు వినబడినా వినబడనట్టే పోయాను. వీధి సగానికి వచ్చేసరికి కాళ్లు నావి కావన్నట్టు తేలిపోయాయి. ఇళ్లన్నీ ఒక పక్కకు వాలాయి. దీపస్తంభం దొరికితే రెండు చేతులా కావలించుకున్నాను. అటుగా వెళ్తున్న ఒకామె, సాయంత్రం పూటే తాగొచ్చాననుకుని, కుక్కను లాక్కుని రోడ్డు దాటేసింది.

ఇంతలో మామయ్య వచ్చేశాడు. కర్ర చంకలో ఉంది. ఎందుకు పట్టుకున్నావని అడగలేదు. "నేను చెప్పలేదా" అనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, రోడ్డు వైపు చూస్తూ, "భలే చోటు పట్టావు అల్లుడూ. మలుపు తిరిగే ప్రతి బండీ ఇక్కడికి కనబడుతుంది. తొందరేం లేదు, చూద్దాం" అన్నాడు. నా ఊపిరి దారికొచ్చేదాకా ఇద్దరం అక్కడే నిలబడి చూశాం. వెళ్లినవన్నీ సైకిళ్లే. ఒక్కొక్కటీ వెళ్లినప్పుడల్లా మామయ్య, "ఇది కాదు" అంటూ వచ్చాడు.

ఆ తర్వాత నేను ముందుకు పరుగెత్తలేదు. ఆయన ఆగితే ఆగాను, కూర్చుంటే కూర్చున్నాను. ముసలాయన మనసు కష్టపెట్టడం దేనికిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎండలు పోయి చలిగాలులు మొదలయ్యాయి. ఆగే చోట్లు తగ్గుతున్న సంగతి నేను గమనించలేదు. పరుపులమ్మేవాడు మెలకువగా ఉండడం అరుదు.

ఒక సాయంత్రం నడుస్తూ, అప్పట్లో నా గుండె ఆగిపోతుంటే పరుపు కొన్న జంట ఆ రోజు దుకాణానికి మళ్లీ వచ్చిన కథ చెబుతున్నాను. రెండో పరుపు కావాలట, అతిథుల గదికి. "మళ్లీ పడుకుని చూపించమంటారా అని అడిగాను మామయ్యా. ఆవిడ వద్దు బాబోయ్ అంటూ వెనక్కి నడిచి తలగడల మీద పడింది." మామయ్య నవ్వుతున్నాడు, నేను చెబుతున్నాను. అప్పుడు వెనక నుంచి వచ్చింది.

ముందు చప్పుడు వచ్చింది, నా పక్కటెముకల్లో తగిలేట్టుగా. తర్వాత కారు. నారింజ రంగు, నా మోకాలికి కాస్త పైదాకా ఎత్తు, నేలకు అంటుకుపోయినట్టు. చాకలి బయటకొచ్చాడు. మందుల దుకాణంలోంచి తలలు తొంగిచూశాయి. ఎవరో ఫోను తీసి పరుగెత్తారు. అది మామయ్య మోచేతిని దాదాపు రాసుకుంటూ వెళ్లింది.

మామయ్య తల తిప్పలేదు. ఆయన నా ముఖం వైపే చూస్తూ, నా కాళ్ల వైపు ఓసారి చూసి, మళ్లీ ముఖం వైపు చూస్తూ, "తలగడల మీద పడి?" అన్నాడు.

కథ చెబుతూనే పార్కు గేటు చేరాం. బెంచీ మీద కూర్చున్నాక మామయ్య జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, "ఒక్కసారి కూడా ఆగలేదు అల్లుడూ" అన్నాడు. తనే పరుగుపందెంలో నెగ్గినవాడిలా నవ్వుతున్నాడు.

"నువ్వాగలేదు కాబట్టి నేనాగ..." అనబోయి నోరు మూశాను. ఎంత మందబుద్ధివాడికైనా ఒకప్పటికి బల్బు వెలుగుతుంది. పాల వ్యాను, ట్యాంకరు, రాబోతోందన్న ఖాళీ రోడ్డు, వంకాయలు తరుగుతూ మా ఆవిడ నవ్వు, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి చెప్పుకున్నాను, ముసలాయన్ని నడిపిస్తున్నానని.

"మామయ్యా, నీ మోకాలెలా ఉంది?"

"ఏ మోకాలు?" అన్నాడు. వెంటనే కర్ర వెతుక్కున్నాడు. అది ఇంటి దగ్గరే ఉండిపోయింది.

మాట మార్చడానికి, "ఇందాక మన పక్కనుంచి వెళ్లిన కారు చూశావా?" అన్నాను.

"ఏ కారు?"

"నారింజ రంగుది. వీధంతా బయటకొచ్చి చూసింది కదా."

మామయ్య ముఖంలో రక్తం దిగిపోయింది. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లాలేమో అనుకున్నాను.

"ఎత్తెంత?"

"ఎత్తేం లేదు."

"లైట్లు కోలగా ఉన్నాయా, గుండ్రంగానా?"

"చూడలేదు మామయ్యా."

"చక్రాలు?"

"అవి గుండ్రంగానే ఉన్నాయి."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నా కారును చూసినప్పుడు కూడా అంత జాలిగా చూడలేదు. అప్పుడు దిగ్గున లేచి, "పైన వేరే దారి లేదు, పార్కు చుట్టూ తిరిగి ఇటే దిగాలి. పద" అని పెద్దపెద్ద అంగలు వేస్తూ మలుపు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన మోకాలు అంత బాగుండటం నేనెన్నడూ చూడలేదు.

నిజంగానే వచ్చింది. చప్పుడు వినబడగానే మామయ్య చేతులు వెనక్కి వెళ్లాయి, మెడ ముందుకు సాగింది, నోరు చిన్నపిల్లాడిలా తెరుచుకుంది. కారు మా ముందు నుంచి నెమ్మదిగా, ఆయన కోసమే అన్నట్టు, దిగి వెళ్లిపోయింది.

"చూశావా?" అన్నాడు ఆయన, ఇంకా అటే చూస్తూ. "ఇప్పుడు చెప్పు. లైట్లు కోలగానా, గుండ్రంగానా?"

నాకు తెలియదు. ఈసారి కూడా నేను కారు చూడలేదు, ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయాను.

"చదరంగా" అన్నాను.

మామయ్య నుదురు కొట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటివైపు దారితీశాడు.

"నువ్వు పరుపులే అమ్ముకోరా" అన్నాడు.