బాల్కనీలోంచి వన్స్ మోర్

మొన్న జర్మనీలోని లైప్‌జిగ్‌లో ట్రామ్ కోసం నిలబడి ఉంటే, స్టాపు అద్దానికి అంటించిన నాటకం పోస్టరు మీద మా అమ్మాయి వాళ్ళ కింది ఇంటి ఐర్లాండ్ పెద్దావిడ ముఖం కనిపించింది. జర్మన్ చదవడం నాకు ఇప్పటికీ రాదు గానీ, ఆ కళ్ళలోని పెంకితనాన్ని గుర్తుపట్టడానికి చదువెందుకు? ట్రామ్ వచ్చింది, వెళ్ళిపోయింది, నేను అక్కడే ఉండిపోయాను. కరోనా రోజుల్లో పిల్లల దగ్గరికి వచ్చి పరాయి దేశాల్లో చిక్కుబడిపోయిన నా ఈడు వాళ్ళకు ఈ సంగతి చెప్పుకోవాలనిపించింది.

నేను అమ్మాయి పురిటికని వచ్చాను. మనవరాలు పుట్టింది, విమానాలు ఆగిపోయాయి. అల్లుడు ఒక గదిలో తలుపేసుకుని ఆఫీసు పనిలో, అమ్మాయి పసిదానితో ఇంకో గదిలో నిద్రకు మొహం వాచి ఉంటే, నాకు మిగిలింది పెరటి వైపు బాల్కనీ. కింద పెరట్లో రోజూ ఒక ముసలావిడ శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చునేది. ఎనభై దాటి ఉంటాయి. ఆవిడ ఐర్లాండ్ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిందనీ, ఒకప్పుడు నాటకాలు రాసి పేరు తెచ్చుకుందనీ, తర్వాత అందరూ మరిచిపోయారనీ అమ్మాయి చెప్పింది. ఇన్నేళ్ళకు ఊళ్ళోని ఒక థియేటరు వాళ్ళు ఆవిడ నాటకం మళ్ళీ వేస్తామన్నారట. సరిగ్గా అప్పుడే థియేటర్లకు తాళాలు పడ్డాయి. కళ్ళు మూసేలోగా తన మాటలు ఒక్కసారి మనుషుల నోట వినాలన్నది ఆవిడ కోరిక.

ఆ మాట వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. తెనాలి పక్కన మా ఊళ్ళో ఆయన పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ నాటక సమాజం చెదిరిపోయాక కూడా సాయంత్రమయ్యేసరికి పెట్టె తుడిచి, మూత వేసి, వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. కింద కుర్చీలో ఉన్నావిడ చూపూ అదే చూపు.

ఎండలు కాసే రోజులు వచ్చి కట్టుబాట్లు కాస్త సడలాక, పనుల్లేక ఖాళీగా ఉన్న ఇద్దరు నటీమణులు మా పెరట్లోనే ఆ నాటకంలోని ఒక రంగం వేస్తామని ముందుకొచ్చారు. ఆ సాయంత్రం కిటికీ కిటికీకీ మనుషులు, బాల్కనీ రెయిలింగుల మీద మోచేతులు. బట్టలు మడతపెడుతూ ఒక తల్లి, ప్రయాణమైపోతున్న కూతురితో మాట్లాడే ఘట్టం అది. భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ తల్లి మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెడుతూ గొంతు తగ్గించి ఏదో అన్నప్పుడు, నేను లైప్‌జిగ్‌లో లేను, నాన్న హార్మోనియం పక్కన చాప మీద ఉన్నాను. నాకు తెలియకుండానే లేచి నిలబడి, గొంతెత్తి వన్స్ మోర్ అనేశాను.

నటి మాట మధ్యలో ఆపి పైకి చూసింది. అమ్మాయి నా కొంగు పట్టి లాగింది.

"ఏందమ్మా, ఇక్కడ అట్టా అరవకూడదే. పరువు తీశావు."

నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. అంతలో పెద్దావిడ తలెత్తి ఇంగ్లీషులో ఏదో అడిగింది. అమ్మాయి రెయిలింగు మీంచి వంగి, మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారనీ, రంగం మీద చచ్చి పడిపోయిన పాత్రైనా సరే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాల్సిందేననీ సంజాయిషీ చెప్పుకుంది. పెద్దావిడ నవ్వు మొదలుపెట్టింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నటి వైపు తిరిగి, అడిగారుగా, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. రెండోసారి ఆ తల్లి మాటలు ఇంకా మెత్తగా వచ్చాయి, పెద్దావిడ పెదవులు కూడా వాటితోపాటే కదిలాయి.

ఆ తర్వాత ఆవిడ చేతిలో శాలువా అంచు బదులు కలం కనిపించేది. నేను బాల్కనీలోంచి, అమ్మాయి నోటి మీదుగా, నాన్న నాటకాల కబుర్లు చెప్పేదాన్ని. మరుసటి చలికాలంలో, నేను మా ఊరికి తిరిగి వెళ్ళిపోయాక, ఆవిడ పోయిందని అమ్మాయి ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఆఖరి నాటకం పూర్తి చేసే పోయిందట.

ఇన్నాళ్ళకు మళ్ళీ అమ్మాయి దగ్గరికి వచ్చి, మొన్న నేను చూసిన పోస్టరు ఆ నాటకానిదే. నిన్న అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది. చివర్లో ఒక ముసలావిడ కూతురికి చెప్పాల్సింది చెప్పి కన్ను మూస్తుంది. చూసేవాళ్ళెవరైనా మళ్ళీ కావాలని అడిగితేనే ఆవిడ లేచి ఆ మాటలు మళ్ళీ చెప్పాలట, ఎవరూ అడగకపోతే తెర పడిపోవాలట. రాసినావిడ పెట్టిన షరతు అదని అమ్మాయి ముందే చెప్పింది. ఎవరూ అడగలేదు. అడుగుదామని లేవబోయాను గానీ, కళ్ళు నిండిపోయి కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయాను. తెర కదలబోతుండగా, నా పక్కనుంచి, ఆ రోజు నా కొంగు లాగిన మా అమ్మాయి లేచి నిలబడి వన్స్ మోర్ అంది.

ముసలావిడ లేచి కూర్చుంది.

ఇప్పుడు మా ఊరి వైపు నాటకాలే తగ్గాయి. నచ్చిన ముక్కను ఫోనులో వేలితో వెనక్కి తిప్పుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ అడిగితే ఒక మనిషి మన కోసం లేచి మళ్ళీ చెప్పే ఆ సంతోషం మా ఊళ్ళో పోయిందనుకుని ఇన్నాళ్ళూ దిగులుపడ్డాను. అది ఎక్కడికీ పోలేదు, ఒక ఐర్లాండ్ ఆవిడ దాన్ని తన నాటకంలో దాచిపెట్టింది.