గుమ్మంలో నాన్న ఊదిన గాలి

తొంభైల్లో మా నాన్న విశాఖ పోర్టులో క్రేన్ నడిపేవాడు. షిఫ్టు దిగి ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి నోరు తెరిచేవాడు. అమ్మ మడమలెత్తి వాసన చూసేది.

"ఏదీ, గట్టిగా ఊదు" అనేది.

"హా..." అని ఊదేవాడు. తర్వాత వంగి నా ముఖం మీద కూడా ఊదేవాడు. ఇనుప ఖనిజం దుమ్ము, లవంగం కలిసిన వాసన. నేను పకపకా నవ్వేదాన్ని.

ఈ తంతు ఆయన కడుపునొప్పితో మొదలైంది. నొప్పి లేస్తే తలగడ పొట్టకి అదుముకుని ముందుకు వంగి కూర్చునేవాడు. క్లోమం వాచిందన్నాడు డాక్టరు. పోర్టు మనిషని తెలిశాక ఇక వేరే ప్రశ్నే వెయ్యలేదు. తాగుడు మానెయ్యమని చెప్పి పంపేశాడు.

"నాను సుక్క కూడా ముట్టుకోనేదే!" అని నాన్న మొత్తుకున్నాడు.

"మరి నోట్లో ఆ లవంగం ఏటి? వాసన దాసడానికి కాదేటి?" అంది అమ్మ.

మా వీధిలో తాగొచ్చిన మగవాళ్లంతా లవంగమే నమిలేవారు మరి. నాన్న నొప్పికి నమిలేవాడు. అమ్మ నమ్మాలని చివరికి అదీ మానేశాడు. అయినా గుమ్మం దగ్గర తనిఖీ ఆగలేదు. నేను పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు.

రెండువేల సంవత్సరం దాటాక, విశాఖలోనే మద్దిలపాలెంలో ఉద్యోగం చేస్తుండగా, అదే నొప్పి నాకూ వచ్చింది. నేనూ తలగడ వాటేసుకుని ముందుకే వంగాను. ఈసారి డాక్టరమ్మ నాన్న గురించి చాలాసేపు అడిగి, నా రక్తం పరీక్షకి హైదరాబాదు పంపింది. ఫలితం వచ్చాక విడమరిచి చెప్పింది. ట్రిప్సిన్ అని, మాంసకృత్తుల్ని అరిగించే పదార్థం ఒకటుందట. క్లోమంలో తయారైనా, అది పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. దాన్ని తయారుచేసే జన్యువులో నాకు తేడా ఉంది. అందుకని అది క్లోమంలోనే మేలుకుని, క్లోమాన్నే అరిగించేస్తోంది.

"చుక్క తాగకపోయినా వస్తుందమ్మా. మీ నాన్నగారి నుంచే వచ్చుంటుంది" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క ఎవరైనా ఒక్కసారి ఆయన చెవిన వేసి ఉంటే!

ఇంటికొచ్చి, నాన్న తాగలేదని అమ్మకి గట్టిగానే చెప్పాను. తను గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

"లవంగాలు మానేసినప్పుడే నాకు తెలిసిపోనాది" అంది. "ఆ గాలి కోసవే రోజూ ఊదమనీదాన్ని. ఆ మాట ఆయనకి సెప్పనేదు."

ఆ గాలి నాకూ కావాలి. ఒక్కసారి, ముఖం మీద.