పేరు పెట్టి పిలిస్తేనే

తనను పేరు పెట్టి పిలవని మాట ఏదీ నరసింగరావు వినేవాడు కాదు. చెవులు శుభ్రంగానే ఉండేవి. నరసన్నపేటలో పోలీసు వైర్‌లెస్ ఆపరేటరు మరి. ఉద్యోగమే ఆయన్నలా చేసింది. ఒక సెట్లో మాట్లాడితే జిల్లాలో సెట్లన్నిటికీ వినబడుతుంది. మొదట ఎవరి పేరు పిలిస్తే వాళ్ళే అందుకోవాలి, తక్కినవాళ్ళు వదిలెయ్యాలి. ఈ వదిలెయ్యడాన్ని ఆయన ఇంటికి కూడా తెచ్చాడు.

చిక్కేమిటంటే, సుభద్రమ్మ మొగుడి పేరు పలకదు. "ఏమండీ, అన్నం మాడతన్నాది" అని పెరట్లోంచి కేకేస్తే, పొయ్యి పక్కనే కూర్చున్న మనిషి కదల్లేదు.

"పక్కనే ఉండి ఇనపడనేదా?"

"ఏమండీ అంటే ఈదిలో మగోళ్ళందరికీ తగుల్తాది. నాకేనని ఎలా తెలుస్తాది?"

చివరికి ఆయనే దిగొచ్చి, తనను పిలవడానికి స్టేషన్ సెట్టు పిలుపు పేరే ఆవిడకు ఇచ్చాడు: కళింగ. అప్పట్నుంచి "కళింగా, సారు సల్లారిపోతన్నాది" అని ఆ ఇంట్లోంచి వినబడితే, వీధిలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

ఆ ఏడు మాత్రం నవ్వులు తక్కువ. కొండల్లో నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య తుపాకులు పేలుతున్నాయి. అటు వెళ్ళినవాళ్ళ తల్లులు, పెళ్ళాలు వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

"బాబూ, ఏటైనా తెలిసిందా?"

"నీ పేరున ఏటీ రానేదు."

అంతే. "రాయి" అనుకుంటూ పోయేవారు. సుభద్రమ్మకూ అలాగే అనిపించేది. ఆయన అన్నం సగంలో వదిలేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం, వైర్‌లెస్ గది కిటికీ పక్క టీకొట్టు కొండబాబు చెవిన "లారీ డ్రైవరు అప్పలసూరి మృతి" అన్న ముక్క పడింది. సుభద్రమ్మ పక్కింటి తాయారు మొగుడు అప్పలసూరి. లారీలో కొండల వైపు వెళ్ళి ఇంకా రాలేదు. కొండబాబు మరుగుతున్న టీ వదిలేసి పరుగెత్తాడు. వీధి వీధంతా ఏడుపు. బంధువులకు కబుర్లు వెళ్ళిపోయాయి.

సుభద్రమ్మ తాయారు తలను ఒళ్ళో పెట్టుకుని ఉండగా నరసింగరావు వచ్చాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. చెప్పులతోనే లోపలికొచ్చి చతికిలబడ్డాడు.

"తాయారూ, ఇనమ్మా. ఆ కబురు మన స్టేషన్ని పిలిసి రానేదు. వేరే స్టేషనుది. తండ్రి పేరు వేరు, ఊరు వేరు. నీ పెనిమిటి కాదు."

"నిజవేనా మావా?"

"ఆఖరుదాకా ఇన్నాను."

"మరెవుడు బావూ?" అన్నాడు కొండబాబు.

"నీకు సెప్పను. ఆడ ఒక ఆడకూతురు ఈపాటికి పొయ్యి ఊదుకుంటా ఉంటాది. దానికి తెలీకముందు ఊరికి తెలీకూడదు."

ఇంటికొచ్చాక సుభద్రమ్మ నెమ్మదిగా అడిగింది. "అయితే అన్నీ ఇంటారన్నమాట."

"ఇనకుండా ఎలాగ? ఒకరి సావు ఇంకొకరి గుమ్మంలో పడకుండా సూస్తన్నాను."

ఆ పూట ఆయన అసలు తినలేదు. ఆవిడ కూడా తినమని అడగలేదు, పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అప్పలసూరి మేనత్త లక్ష్మణమ్మ బస్సు దిగి, గుండెలు బాదుకుంటూ వీధిలోకి వచ్చింది. తాయారు ఎంత చెబుతున్నా ఆవిడ వినే స్థితిలో లేదు. సరిగ్గా అప్పుడే లారీ వచ్చి ఆగింది. దిగిన మనిషి ఏడుపు విని, తలపాగా తీసి, భయం భయంగా దగ్గరికొచ్చాడు. లక్ష్మణమ్మ అతని మెడ పట్టుకుని వాలిపోయింది.

"ఒరే సూరీ, మన అప్పలసూరి పోనాడంటరా."

అప్పలసూరి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏ ఊరి అప్పలసూరి అత్తా?"