సగం షిఫ్టు మనిషికి పనున్నట్టా, లేనట్టా

2011. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను ఉపాధి సర్వేలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. అంటే ఇల్లిల్లూ తిరిగి ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో అడిగి ఫారం నింపేవాణ్ని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా వంతు. బంద్ లేని రోజు చూసుకుని బస్సెక్కేవాణ్ని.

మా పనిలో వీక్లీ స్టేటస్ అని ఒక సూత్రం ఉంది. గడిచిన వారంలో ఒక్క గంట పనిచేసినా ఆ మనిషికి పని ఉన్నట్టే. ఒక్క గంట కూడా దొరక్క, పని వెతుక్కుంటుంటేనే నిరుద్యోగి. ఏళ్ల తరబడి ఇదే రాస్తున్నాను, ఎన్నడూ అనుమానం రాలేదు.

సిరిసిల్లలో రాజేశం ఇంట్లో వచ్చింది. ఆయన సాంచాలు నడుపుతాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. భార్య పద్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది.

"నువ్వేం పని చేస్తవక్కా?"

"నాకేం పని సార్, ఇంట్లనే ఉంట" అంది, చేతులు ఆపకుండానే. నవ్వుకుని పని ఉన్నట్టు రాసుకున్నాను.

రాజేశం సంగతే తేలలేదు. ఆర్డర్లు తగ్గి, సాంచాల ఆసామి ఇక ఒక్కడు చాలన్నాడట. ఉన్నది ఇద్దరు, ఈయనా, పక్కింటి ఖాజా. ఒకరు దిగిపోకుండా ఒకే షిఫ్టును చెరి సగం చేసుకున్నారు.

"కలో గంజో ఇద్దరం తాగాలె గదా సార్. ఈడ అందరం గిట్లనే చేస్తున్నం. ఇప్పుడు నాకు పనున్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే అన్నా."

"ఖాజాకు?"

"ఆయనకు గూడ ఉన్నట్టే."

"గట్లయితే లేనిదెవరికి సార్?"

ఫారం అటూ ఇటూ తిప్పాను. అందులో సగం అనే గడి లేదు.

లేవబోతుంటే అసలు మాట బయటపెట్టాడు. మహారాష్ట్రలోని భివండిలో బావమరిది సాంచాల పని చూశాడట, నిండు షిఫ్టు. పద్మ పొమ్మంటోంది. ఈయనకు కాలు కదలడం లేదు. "ఊర్లు తిరిగెటోళ్లు మీరు. పని లేనోళ్లు ఈడ ఎక్కువనా, బయట ఎక్కువనా?"

కిందటి విడత అంకెలు నా సంచిలోనే ఉన్నాయి. పట్టణం రేటు, రాష్ట్రం రేటు, దేశం రేటు పక్కపక్కన. కోరుట్ల రాష్ట్రం, దేశం రెండింటికన్నా పైన ఉంది, సిరిసిల్ల కింద ఉంది. చూసిందే చెప్పాను.

"మన సిరిసిల్లలనే తక్కువ అన్నా. రాష్ట్రం కన్నా తక్కువ, దేశం కన్నా తక్కువ."

రాజేశం మొహం తేటపడింది. భివండి మానుకుంటానన్నాడు. పద్మ ఇంకో బీడీ చుట్టడం మొదలుపెట్టింది.

తర్వాత కోరుట్ల ఫారాలు సరిచూస్తుంటే నా తల తిరిగింది. అక్కడ నిరుద్యోగులుగా రాసినవాళ్లలో చాలామంది డిగ్రీ చదివినవాళ్లు. తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు, ఇల్లు గడుస్తుంది. నౌకరీ కోసం ఆగగలరు, దీక్షా శిబిరంలో కూర్చోగలరు. రాజేశానికి ఆగే స్తోమత లేదు, అందుకే నిరుద్యోగి కాలేదు. మరి రేటు తక్కువంటే బాగున్నట్టా, చితికినట్టా? మా ఆఫీసర్ని అడిగితే, "సూత్రం సూత్రమేనయ్యా. నీకెందుకు రంధి?" అన్నాడు.

చెప్పిన మాట సరిదిద్దుకుందామంటే బంద్‌లు, సమ్మెలు. మళ్లీ సిరిసిల్ల చేరేసరికి రెండు నెలలు దాటింది. రాజేశం పట్టపగలు ఇంట్లోనే ఉన్నాడు.

"నా మాట తప్పన్నా. ఆ లెక్కల్ల సగం పనికి, నిండు పనికి తేడా లేదు. భివండి పోతే పో."

"ఆ జాగల ఇంకొకడు చేరిండు సార్." గొంతులో కోపం లేదు. "ఈడ ఇంకో ఆసామి కాడ సత్తయ్యకు పని బందైంది. ఇప్పుడు ముగ్గురం పంచుకుంటున్నం. వారంల రెండు దినాలొస్తది."

పద్మ ఊరుకోలేదు. "తెల్వకుంటే తెల్వదనాలె సార్. సర్కారు మనిషి చెప్పిండని ఈయన ఆగిండు."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కొత్త విడత ఫారం తీయక తప్పలేదు. వారంలో రెండు రోజుల పని, రాజేశానికి పని ఉన్నట్టే రాశాను. ఖాజాకూ, సత్తయ్యకూ అంతే. పని తరిగింది, పని ఉన్నవాళ్ల లెక్క మాత్రం ఒక్కటీ తరగలేదు.

నా పని నాకు ఎంత తెలుసో ఆ ఇంట్లో తెలిసింది. ఇప్పుడు ఎవరైనా ఫలానా ఊళ్లో నిరుద్యోగం తక్కువట కదా, వెళ్లమంటావా, ఉండమంటావా అని అడిగితే, నాకు తెలియదనే చెబుతాను. మొదటిసారే చెప్పాల్సిన మాట.