ఎల్లేష్ చూసుకున్న ప్రింటర్

నయాపూల్ దగ్గర, కోర్టు గోడ పక్కనున్న టైపింగ్ దుకాణాల వరసలో ఎల్లేష్‌ను అందరూ ఇంజినీర్ అని పిలుస్తారు. ఇంటర్ తప్పిన కార్వాన్ బస్తీ కుర్రాడు ఈశ్వరయ్య సేఠ్ దగ్గర అఫిడవిట్లు టైపు చేస్తూ, తీరిక దొరికితే ఎవరికీ అర్థంకాని పనేదో చేస్తుంటాడని వెక్కిరింత.

ఆ పని ఇది. సేఠ్ దుకాణంలో ఒక పాత వెడల్పు ప్రింటర్ ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసింది. ఉచితంగా దొరికే లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఆ రకం ప్రింటర్లు నడిచేలా ప్రోగ్రాం రాసిందీ, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా చెడిపోకుండా చూసేదీ ఎల్లేషే. ఎక్కడెక్కడి గోదాముల నుంచో, బడుల నుంచో మనుషులు అతనికి సార్ అని ఉత్తరాలు రాస్తారు. నయాపూల్‌లో అతన్ని సార్ అన్నవాళ్లు లేరు.

ఆ లినక్స్ పనిలో ఒక కట్టుబాటుంది. అసలు మిషన్ మీద అచ్చు తీసి చూడకుండా 'నడుస్తోంది' అని రాయకూడదు. ఈసారి లినక్స్‌ను నడిపే పెద్దలు గడువు పెట్టారు. శుక్రవారం సాయంత్రంలోగా పరీక్షించకపోతే ఆ ప్రింటర్ల ప్రోగ్రాం మొత్తం తీసేస్తారు.

శుక్రవారం పొద్దున్నే ఎల్లేష్ సేఠ్ ముందు నిలబడ్డాడు.

"సేఠ్, ఇయ్యాల జరసేపు ఆ పెద్ద మిషన్ ఇయ్యుండ్రి. ఒక్క కాగితం తీస్త."

"నీ ఫుకట్ పనికి నా రిబ్బన్ అరగాల్నా?"

"రిబ్బన్ నేనే తెచ్చిన."

"అరె వా! అయితే ఇస్త తీ. ముందుగాల అటక మీది ఫైళ్లు దింపి దుమ్ము దులుపు."

దులిపాడు. తర్వాత సేఠ్ స్కూటర్ కడిగాడు. మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్ వెళ్లి, సేఠ్ బావమరిది దుకాణం నుంచి మిరపకాయల బస్తా భుజాన వేసుకొచ్చాడు. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: "ఇంకొక్క పని, గంతే." పక్క దుకాణం విమలాదేవి అతన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిర్చి ఘాటుకేమో అనుకున్నాడు.

కోర్టు మూసే వేళకు సేఠ్ చేయి ఊపాడు. "పో ఇంజినీర్, ఇగ నీ ఇష్టం."

ఎల్లేష్ ప్రింటర్ మీది గుడ్డ తీసి, మూత ఎత్తాడు. రిబ్బన్ ఎక్కించాల్సిన చోట అచ్చు కొట్టే హెడ్ లేదు. మోటారు లేదు. ఉత్త డొప్ప మిగిలింది.

వరస వరసంతా పగలబడి నవ్వింది.

"నిన్ననే పాత సామాన్ల బాలకిషన్ పార్టులు ఇప్పుకపోయిండు రా!" అన్నాడు సేఠ్.

"పొద్దుగాలనే చెప్తే అయిపోతుండె గద, సేఠ్?"

"చెప్తే మిర్చి ఎవడు తెస్తడు?"

విమలాదేవి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "గంత ఫికర్ ఏంది ఇంజినీర్? నడుస్తుందని రాసెయ్యి. గా దేశాలోళ్లు వచ్చి చూస్తరా?"

ఎల్లేష్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చేసిన మార్పులన్నీ సరైనవేనని అతనికి దాదాపు నమ్మకమే. 'పరీక్షించాను, నడుస్తోంది' అని రాశాడు. కాసేపు దాన్నే చూసి చెరిపేశాడు. 'మిషన్ లేదు. పరీక్షించలేదు' అని పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. ఇన్నాళ్ల సేవకు కృతజ్ఞతలు. ఈ భాగం మీకే బాగా తెలుసు కాబట్టి, తొలగింపు కూడా మీరే చేసి పంపగలరా?

అతను ఒక్కో ఫైలూ తెరిచి చెరుపుతూ పోయాడు.

"షట్టర్ దించుతున్న, లెవ్వు రా!"

"ఒక్క నిమిషం, సేఠ్." మిగిలింది పేర్ల జాబితాలో ఒక్క లైను. అందులో ఆ ప్రోగ్రాంను చూసుకునే బాధ్యుడిగా అతని పేరుంది. దాన్నీ తీసేసి పంపాడు.